కాగితమంత సందు

టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని వెల్డింగు మేస్త్రి నోరు తెరిచాడంటే ఇక మూత పడదు. ఆ రోజు వినేవాళ్లు ముగ్గురే. కొట్టాయన, పక్కన పంక్చర్లు వేసేవాడు, మేస్త్రి బావమరిది దర్జీ. దర్జీ మాత్రం కోతలు వినడానికి రాలేదు, అక్క కోసం వచ్చాడు.

రెండు నెలల కిందట మేస్త్రి షెడ్డులో నీళ్ల నుంచి గ్యాసు తీసే డబ్బా పేలి అక్కకు రెండు చెవులూ పోయాయి. మేస్త్రి చెప్పగా స్విచ్ వేసింది తనే కాబట్టి పాపం తన చేతిదేనని ఆవిడ మంచం పట్టింది. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు కెలికి లేచిపోతుంది. ఊరందరికీ ఆ డబ్బా కథ చెప్పే బావ, అక్కకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఈ రోజు అతని చేత నిజం కక్కించాలని దర్జీ పంతం పట్టి కూర్చున్నాడు.

మేస్త్రి చిన్నగానే మొదలుపెట్టాడు. రెండు స్టీలు రేకులు, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు, ఓ పాత బ్యాటరీ. రేకుల మధ్య అగ్గిపుల్లంత సందు పెడితే బుడగలొచ్చాయట, గొట్టం చివర అంటిస్తే దీపమంత మంట వచ్చిందట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సందు గోరంత చేశాడట. గ్లాసుడు నీళ్లతో స్కూటరు మూడు రోజులు తిరిగితే, పెట్రోలు బంకువాడు ఇతన్ని చూసి మొహం తిప్పుకున్నాడట. ఆ తర్వాత కాగితమంత చేశాడట, చెంబెడు నీళ్లతో యాభై మంది ఎక్కిన బస్సు ఘాటెక్కిందట.

"అంత దగ్గరగా బిగిస్తే బుడగలు పైకెలా వస్తాయి మేస్త్రీ?" అన్నాడు పంక్చర్లవాడు.

"నన్ను చూసి భయపడి వస్తాయిరా," అని మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. చివరికి అసలు సందే లేకుండా బిగించాడట. షెడ్డు పైకప్పు లేచిపోయి మబ్బుకు తగిలిందట, దానికి పడిన చిల్లులోంచి వారం రోజులు వాన కురిసిందట. "ఆ మోత ఏడూళ్లకు వినిపించింది!"

"అక్కకు వినిపించిన ఆఖరి మోత అదే, బావా," అన్నాడు దర్జీ.

జేబులోంచి ఓ చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. రేకులు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వేసే రబ్బరు వాషర్లు. షెడ్డు ఊడుస్తుంటే దొరికాయి. పొట్లం విప్పనే లేదు.

మేస్త్రి పైనుంచే వేలితో తడిమాడు, లోపలున్నవేమిటో తెలిసిపోయింది. తర్వాత ఎవరూ ఎరగని గొంతుతో మెల్లగా చెప్పాడు. "కాగితం మాట నిజమేరా. సందు తగ్గితే గ్యాసు ఎక్కువొస్తుందని వాషర్లు మానేసి కాగితం పెట్టి బిగించాను. అది నానిపోయింది. నీళ్లు తగ్గి బయటపడ్డ పైఅంచులు తగిలి నిప్పురవ్వ లేచింది. స్విచ్ ఎవరు వేసినా పేలేదే. మీ అక్క ఎదుటికెళ్తే నాకు మాట రావడంలేదు."

"రాసివ్వు."

కొలతలు రాసుకునే చీటీ మీద దర్జీ పెన్సిలుతో మేస్త్రి నాలుగు వరుసలు రాశాడు. ఆఖరి వరుస, తప్పు నాదే, అని. రాస్తూ ఏడ్చాడు. కొట్టాయన స్టవ్ తగ్గించి అటు తిరిగాడు.

దర్జీ పరుగున ఇంటికెళ్లి చీటీ అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివింది. వాషర్ల పొట్లం చూపిస్తే అటూ ఇటూ తిప్పి, ఇవి ఏ కొట్లోనైనా దొరుకుతాయిగా అంది. తన గొంతు తనకే వినబడక, పక్కింటికి కూడా వినిపించేంత గట్టిగా మాట్లాడింది.

"నన్ను ఊరుకోబెట్టాలని రాయించుకొచ్చావు కదరా తమ్ముడూ. ఇరవై ఏళ్లు కాపురం చేశాను. ఆయన కోతలు నాకు తెలీవా?"

చీటీ మడిచి తలగడ కింద పెట్టి, స్విచ్ వేసిన చేతిని కొంగులో దాచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.