ఊడిరాని డిస్కు

కారు జాకీ మీద, కొడుకు నేల మీద, తండ్రి కుర్చీలో. ఊడదీసిన వెనక చక్రం గోడకి ఆనించి ఉంది.

"ఇంకా ఎంతసేపురా ఆ బాదుడు? అది బ్రేకు డిస్కు, తలుపు కాదు. ఎంత కొట్టినా లోపల్నించి ఎవరూ రారు."

"తుప్పు పట్టి బిగుసుకుపోయింది నాన్నా."

"డిస్కా, నువ్వా?"

"నువ్వు లోపలికెళ్ళి కాసేపు పడుకోరాదూ?"

"పడుకుంటే మీ అత్త ఇంటికి ఎవరెళ్తారు? నాలుగింటికల్లా కారు కావాలి నాకు. నేనే నడుపుకుంటూ వస్తున్నానని చెప్పేశాను."

"ఇవాళ కుదరదు. డిస్కులు అరిగిపోయాయి. లేతు మెషిన్ దగ్గరికి పంపి నునుపు చేయించాలి. వారం పడుతుంది."

"మొన్న బ్యాటరీ అన్నావ్. అంతకుముందు టైరన్నావ్. నాకన్నా ఈ కారుకే ఎక్కువ రోగాలున్నాయే!"

"పాత బండి కదా..."

"పాతవాటన్నిటికీ విప్పదీయడమేనా వైద్యం?"

"అబ్బా, నాన్నా! కాస్త ఆ స్పానర్ ఇటివ్వు. నీ కాలి దగ్గరే ఉంది."

"ఎక్కడ?"

"కాలి దగ్గర. కుడి కాలి దగ్గర."

"నువ్వే తీసుకో. కన్నతండ్రిని హెల్పర్ని చేస్తావా?"

"సరే... నేనే తీసుకుంటాలే."

"ఏంటి, గొంతు అంత దిగిపోయింది?"

"ఏం లేదు."

"నేను మన గేటుకి గుద్దిన సంగతి మనసులో పెట్టుకున్నావు కదూ?"

"గేటు సంగతి ఇప్పుడెవరు ఎత్తారు?"

"ఎత్తవు. అదే నీ రోగం. బంపరుకి సొట్ట పడితే నువ్వు బ్రేకులు విప్పుతావ్."

"ఆ గేటు ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది నాన్నా."

"అదే దాని తప్పు. కాస్త పక్కకి జరగొచ్చుగా!"

"నవ్వులాట కాదు."

"నేను నవ్వకపోతే నువ్వు ఏడ్చేలా ఉన్నావ్. ఆ సుత్తి అవతల పడేసి చెప్పు. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టావా?"

"పెట్టాను."

"డిస్కుని నొక్కిపట్టే ఆ కాలిపర్ విప్పి తీగతో కట్టావా, బ్రేకు గొట్టానికి వేలాడదీశావా?"

"తీగతోనే కట్టాను. వీడియోలో చూశాలే."

"మరి హ్యాండ్ బ్రేకు?"

"గట్టిగా లాగి పెట్టాను. ఏ పని మొదలెట్టినా ముందు అది లాగమని నువ్వేగా నేర్పావు!"

"ఓరి నా తండ్రీ! అది వెనక చక్రం కదరా! లోపల హ్యాండ్ బ్రేకు డిస్కుని వాటేసుకుని కూర్చుంటే, నువ్వు బయట సుత్తితో బతిమాలుతున్నావా? పో, దించి రా."

"...దించాను."

"ఇప్పుడు లాగు."

"వచ్చేసింది!"

"వచ్చేసిందిట! పొద్దుట్నించీ ఊరికే దెబ్బలు తింది పాపం. ఏదీ, ఇలా ఇవ్వు."

"వద్దు, మురికి అంటుతుంది."

"ఇవ్వరా... దీన్నేనా అరిగిపోయిందన్నావ్? గాజుపలకలా ఉంది. ఒక్క గీత కూడా తగలట్లేదు. కళ్ళు పోయాయి గానీ, నా వేళ్ళు పోలేదురా."

"నాన్నా, అదీ..."

"అబద్ధం ఆడ్డం కూడా చేతకాదు నీకు. 'ఇక నడపకు నాన్నా' అని తిన్నగా అడగొచ్చుగా?"

"ఎలా అడగను? నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందే నువ్వు."

"అందుకని బ్రేకులు పీకుతావా? నీ పనిముట్ల డబ్బా అడుగున చూడు."

"ఏముంది... కారు తాళమా! ఎప్పుడు వేశావ్ ఇందులో?"

"గేటుకి గుద్దిన రోజే."

"మరి నేనే నడుపుకుంటూ వెళ్తానని ఇందాకట్నించీ..."

"నువ్వు ఎంతదాకా బుకాయిస్తావో చూద్దామని. డిస్కు బిగించు. నడిపేది నువ్వే, మీ అత్తకి అదే చెప్పాను."

"ఒక్కసారి గేటు కనబడనంత మాత్రాన తాళమే వదిలేసుకున్నావా నాన్నా?"

"గేటు కనబడకపోతే పోయిందిరా. దాని పక్కన నిలబడ్డ నువ్వు కూడా కనబళ్ళేదు."