పది నిమిషాల ఊరు

గురువారం ఉదయం ఐదున్నర. సిద్దిపేట బస్టాండులో కదలబోతున్న జూబ్లీ బస్టాండు ఎక్స్‌ప్రెస్. ముగ్గురు కూర్చునే సీటు.

"అవ్వా, గాడ దస్తీ ఏసి ఉన్నది కదా, కనవడ్తలేదా?"

"కనవడ్తున్నది. దస్తీ కూసుంటదా, మనిషి కూసుంటడా?"

"మనిషొస్తున్నడు. మా సారు. నాలుగేండ్ల సంది గిదే బస్సు, గిదే సీటు. కావాలంటె కండక్టరమ్మను అడుగు."

"నీ పేరేంది బిడ్డా?"

"నిస్సార్."

"నా పేరు దుర్గవ్వ. గిది ముగ్గురు కూసునే సీటు నిస్సారూ. నువ్వొక్కనివి, మీ సారొక్కడు, మూడోదాన్ని నేను. జరుగు."

"జరుగుతున్న తీయి. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయినంక టికెట్ లేనోళ్ళకే జోరెక్కువ."

"ఆధార్ కార్డు కొంగుల కట్టుకొచ్చిన. సూపెట్టాల్నా?"

"నాకెందుకవ్వా, కండక్టరమ్మకు సూపెట్టు. అగో, వచ్చిండు. లక్ష్మీరాజం సార్! గీడ, గీడ!"

"వచ్చిన నిస్సార్ భాయ్. డ్రైవరు నన్ను సూసి బండి ఆపిండు, పాపం. రెండు నిమిషాలు ఆగిండు."

"ఆయన రోజు ఆగుతడు సార్. మీరు ఉరుకుడెందుకు? మెల్లగ కూసోండ్రి. ఏంది, పొత్తికడుపు పట్టుకున్నరు?"

"ఏం లేదు. ఉరికిన కదా."

"వదిన ఎట్లున్నది సార్?"

"ఆ... మంచిగనే ఉన్నది."

"మోకాళ్ళ నూనె రాస్తున్నదా? ఫరీహా రోజు నా పానం తింటున్నది. 'నూనె పంపి నెలైంది, భాభీకి తక్కువైందో లేదో అడిగినవా' అంటది."

"తక్కువైంది. చాన తక్కువైంది. మంచి నూనె అని చెప్పు."

"ఫరీహా అంటె నీ పెండ్లామా?"

"ఔనవ్వా. నువ్వు జర కిటికీ దిక్కు సూడు."

"సూస్తున్న. చెవులు మీ దిక్కున్నయి, ఏంజెయ్యాలె?"

"నిస్సార్ భాయ్, ఒక్క మాట..."

"చెప్పున్రి సార్."

"ఏం లేదు. ఎల్లుండి శనివారం కదా."

"శుక్రారం తర్వాత శనివారమే సార్."

"అదే... పట్నంల మీ కండ్లద్దాల దుకాణం ఉంటదా శనివారం?"

"గిరాకి శనివారమే కదా. ఏంది పని?"

"ఊకెనే అడిగిన."

"మీరు ఊకెనే అడగరు."

"లేదు, ఊకెనే."

"సారూ, నువ్వు పట్నంల ఏం పని జేస్తవు?"

"కాలేజీల లైబ్రరీ సూసుకుంటనవ్వా. సికింద్రాబాద్‌ల."

"మరి గాడ్నే ఉండక రోజు గీ తిరుగుడేంది? నూరు కిలోమీటర్లు పోవుడు, నూరు వచ్చుడు!"

"సిద్దిపేట మంచిగుంటదవ్వా. అన్ని పది నిమిషాల్లనే. ఇంటినుంచి బస్టాండు ఏడు నిమిషాలు. రైతుబజారు ఐదు. బ్యాంకు, దవాఖాన, మందుల దుకాణం అన్ని గింత దూరమే. పట్నంల ముప్పై ఏండ్లు కిరాయిండ్లల్ల ఉన్నం. మా ఆమెనే అన్నది, ఈడ ఇల్లు కడ్దం, కోమటిచెరువు కాడ సాయంత్రం ఇద్దరం నడుద్దం అని."

"నువ్వెప్పుడు నడుస్తవు? చీకటితోటి బస్సెక్కవడ్తివి."

"ఆదివారం పోతనవ్వా. ఒక రౌండు కొడ్త. గాలి మంచిగుంటది. బెంచీలు సుత ఏసిన్రు."

"మాపటికి ఎన్నింటికి వస్తవు ఇంటికి?"

"ఎనిమిదిన్నర, తొమ్మిది. ఏం కష్టం కాదు. ఇస్త్రీ ఆయన నాకోసం లైటు ఏసి పెడ్తడు. కర్రీ పాయింటు దారిలనే. నన్ను సూడంగనే అడగకుంటనే సగం కూర కడ్తడు. అందరికి సగం ఇయ్యడవ్వా, నాకు మాత్రం ఇస్తడు."

"సగమేంది?"

"ప్యాకెట్‌ల సగం."

"ఇద్దరికి సగమెట్ల సాలుతదయ్యా?"

"...ఆమె తక్కువ తింటది."

"ఎంత తక్కువ తిన్నా..."

"అవ్వా, నువ్వు యాడ దిగుతవు? ప్రజ్ఞాపూరేనా?"

"ప్రజ్ఞాపూర్లనే. గజ్వేల్ కాలనీకి పోవాలె. చెల్లెను సూడ సిద్దిపేటకు వచ్చిన. మాది వేములఘాట్ బిడ్డా. ఊరు ప్రాజెక్టు నీళ్ళల్లకు పోయింది కదా, కాలనీల ఇండ్లిచ్చిన్రు."

"కాలనీల మంచిగున్నదా అవ్వా?"

"మంచిగనే ఉన్నది సారూ. నల్లా ఇంట్లనే. సిమెంటు రోడ్డు. ఆటో గడప ముందల్నే ఆగుతది. నీ తీరుగనే, అన్ని పది నిమిషాల్లనే. గని అప్పట్ల రాత్రి నేను దగ్గితె పక్కింట్ల కొండవ్వ లేసి కూసునేది. గిప్పుడు కొండవ్వ ఏ లైన్ల ఉన్నదో నాకు తెలువది."

"అదేంది, ఒక్క ఊరోళ్ళే కదా."

"ఒక్క ఊరోళ్ళమే. ఎవలి నంబరు ఇల్లు వాళ్ళకొచ్చింది."

"మీ ముసలాయన ఉన్నడా?"

"కాలనీకొచ్చినంక పోయిండు. ఆర్నెల్లు నేను ఇద్దరికి వండిన."

"ఇద్దరికెందుకవ్వా?"

"ఎందుకేంది సారూ, చెయ్యి అలవాటు. మా బిడ్డొచ్చి గంజు మూత తీసి తిట్టింది. 'గింత బువ్వ ఎవలకే' అంటె 'మీ నాయినకు' అన్న. నోట్లకెల్లి గట్లనే వచ్చింది. పోయిండని చెప్పాల్నంటె నోరు రాకపోయేది. నవ్వుతున్నవా ఏంది?"

"లేదవ్వా. నేనెందుకు నవ్వుత?"

"మా బిడ్డ నవ్వింది. తర్వాత ఏడ్సింది."

"ఇప్పుడో? ఇప్పుడు ఒక్కదానికే వండుకుంటున్నవా?"

"ఒక్కదానికే. ఎవలన్న అడిగితె పోయిండనే చెప్తున్న. చెప్పినంక జర ఆకలైతున్నది."

"అవ్వా, ప్రజ్ఞాపూరొచ్చింది. కండక్టరమ్మ పిలుస్తున్నది, లే."

"లేస్తున్న. నా సంచి అందియ్యి నిస్సారూ. ఆగుమను, ఆగుమను, ముసలిదాన్ని! సారూ, నీ పెండ్లాన్ని జర మంచిగ సూసుకో. మోకాళ్ళ నొప్పులు పాడుయి."

"...సరే అవ్వా. పైలంగ దిగు."

"కిటికీ కాడికి జరుగున్రి సార్. గాలొస్తది."

"జరుగుత."

"శామీర్‌పేట దాకా ఒక కునుకు తీయరాదున్రి. నేను లేపుత."

"నిద్ర వస్తలేదు. నిస్సార్ భాయ్..."

"చెప్పున్రి."

"ఆ నూనె నేనే రాసుకున్న."

"ఏ నూనె?"

"ఫరీహా పంపిన నూనె. నా మోకాళ్ళకే రాసుకున్న. నిజంగనే తక్కువైనయి."

"మంచిదే కదా సార్."

"మంచిది కాదు. మీ వదిన లేదు భాయ్."

"లేదంటె, సార్?"

"ఇల్లు కట్టుకొని ఈడికొచ్చిన మూడు నెలలకే పోయింది. నువ్వు నాకు కలవకముందే."

"వింటున్న సార్. చెప్పున్రి."

"శామీర్‌పేట కాడ బస్సు ఖరాబయింది సూడు ఒకసారి, మనం కలిసిన కొత్తల. ఎండల చెట్టు కింద కూసొని నా డబ్బా ఇద్దరం తిన్నం. నువ్వు టమాట తొక్కు నాకి, 'వదిన చెయ్యి మంచిగున్నది సార్' అన్నవు. అది ఆమె పెట్టిన తొక్కే. సీసల అడుగున మిగిలింది. ఔనన్న. నేనన్నది ఆ ఒక్క మాటనే, ఔనని."

"తెల్లారి చెప్పొచ్చు కదా."

"తెల్లారి ఫరీహా భాభీకని సేమియా పంపె. ఆ గిన్నె చేతికిచ్చినంక ఎట్ల చెప్పాలె? మీరు ఇంటికి రమ్మంటె ఆమెకు మోకాళ్ళ నొప్పులన్న. నొప్పులంటె నూనె వచ్చె. రంజాన్‌కు రెండు గిన్నెలొచ్చె. ఆమెది సుత నేనే తిన్న."

"రెండు గిన్నెల షీర్ ఖుర్మా! షుగరున్నది కదా సార్ మీకు!"

"రెండు దినాలు తిన్న."

"యా అల్లా."

"పొద్దుగాల లేసి నా డబ్బా నేనే కట్టుకుంట. కట్టుకొని బస్సెక్కంగనే నువ్వడుగుతవు, వదిన ఎట్లున్నదని. ఆమెను అడిగేటోడు లోకంల ఇంకెవ్వడు లేడు. మంచిగున్నదంటె, ఈ రెండు గంటలు ఆమె ఇంట్ల ఉన్నట్టే ఉంటది. మళ్ళ మాపటికి తాళం నేనే తీసుకోవాలె కదా, గప్పుడు తెలుస్తది. నీకు చెప్తె గీ రెండు గంటలు సుత పోతయి. కోపమొచ్చిందా?"

"వదిన పేరేంది సార్? నాలుగేండ్ల సంది వదిన, వదిన అనుడే గని పేరు అడగలే."

"సుగుణ."

"సుగుణ వదిన. మంచి పేరు. కోపమెందుకు సార్. నాలుగేండ్లు చెప్పనోళ్ళు గిప్పుడెందుకు చెప్తున్రు? గది చెప్పున్రి."

"ఎల్లుండి ఆపరేషన్ నాకు. హెర్నియా. చిన్నదే, భయం లేదన్నరు. బస్టాండు ఎన్కల దవాఖానల్నే."

"పది నిమిషాలు."

"ఏడు. నడిచే పోవచ్చు. గని వెంట ఎవలన్న ఉండాలంట. సంతకం పెట్టాలె, మత్తు దిగేదాకా బయట కూసోవాలె. ఒక్కనివే వస్తె టేబులెక్కియ్యం అన్నరు."

"బామ్మర్ది ఉన్నడంటిరి."

"సూరత్‌ల. మిల్లుల సెలవు దొరకదన్నడు."

"కాలేజీలోళ్ళు?"

"మంచోళ్ళే. రమ్మంటె వస్తరేమో. సంతకానికి నూరు కిలోమీటర్లు రమ్మని ఎట్లడుగుత?"

"పక్కింటోళ్ళు లేరా సార్?"

"పక్కింటాయన పేరు నాకు తెలువదు భాయ్. కారు నంబరు తెలుసు. చీకట్ల పోవుడు, చీకట్ల వచ్చుడు. నా ఫోన్ల ఆ ఊరి నంబర్లు నాలుగే. గ్యాసాయన, కరెంటాయన, కర్రీ పాయింటాయన, నువ్వు."

"కర్రీ పాయింటాయన తర్వాతనా నేను?"

"నవ్వియ్యకు, కడుపు గుంజుతది. పోయిన వారం పరీక్షలకు పోతె ఫారం ఇచ్చిన్రు. వెంట వచ్చేటోళ్ళ పేరు, నంబరు రాయమన్నరు. పెన్ను పట్టుకొని చాన సేపు కూసున్న. నిన్నడగకుండనే నీది రాసిన. తప్పే. నాలుగు దినాల సంది ఈ సీట్ల కూసొని నోరు తెరుస్తున్న, మూస్తున్న. వదిన లేదా అని అడుగుతవని."

"సూస్తనే ఉన్న సార్."

"దుకాణం ఇడిసిపెట్టి వచ్చుడు కాకుంటె చెప్పు. ఏమనుకోను. వాయిదా ఏయించుకుంట."

"ఆ ఫారం మీద ఇంకేమడిగిన్రు?"

"పేషెంటుకు ఏమైతరు అని ఒక గడి ఉండె. ఖాళీగ వదిలిపెట్టిన. ఏం రాయాలె? బస్సుల పక్క సీటు అని రాయాల్నా?"

"ఖాళీగ లేదు సార్. మంగళారమే దవాఖాన పిల్ల నాకు ఫోన్ చేసి అడిగింది. తమ్ముడని రాయించిన."