నార్ఫోక్ పిట్టల నీలకంఠం

"ఇంగ్లండులోన నార్ఫోక్ జిల్లాల నాకు తెలీని పిట్ట నేదురా అల్లుడా," అన్నాడు నీలకంఠం మామ, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. అని, కాస్త ఆలోచించి, "ఎగిరీవి తప్ప," అన్నాడు.

తవిటయ్య ఆ రెండో మాట వినిపించుకోలేదు. మొదటి మాటే చాలనుకున్నాడు. తెల్లారితే ఆ నార్ఫోక్ నుంచే మొగుడూ పెళ్ళాం చిలికా సరస్సు ఒడ్డున రంభ ఊళ్ళో దిగుతున్నారు. చిలికాలో మా ఊరి పిట్టలేవి, మీ ఊరి పిట్టలేవి అని చూపించి చెప్పేవాడు ఉంటేనే పడవెక్కుతామని అక్కడి విడిది బంగళా మేనేజరు చేత కబురంపారు. వాళ్ళు మెచ్చితే ఏటా చలికాలం దొరల బేరమంతా తవిటయ్య పడవకే. మెచ్చకపోతే బాలుగావ్ వాడి మోటారు పడవకి పోతుంది. తవిటయ్యది గెడ వేసుకుంటూ పోయే పడవ. పడవ నడపడం వచ్చు గానీ పిట్టల పేర్లు దొరలకి చెప్పేపాటి నోరు లేదు.

నీలకంఠం మామ ఆ బంగళాలో వంటవాడు. తుపాకులు భుజాన వేసుకుని జమీందార్లూ దొరలూ దిగే రోజుల్లో ఆయన చేతి కూర కోసం బరంపురం నుంచి కార్లు వచ్చేవి. సర్కారు వేట బందు చేశాక బంగళాలో బంగాళాదుంపల వేపుడే మిగిలింది. అది ఎవడైనా చేస్తాడు. పడవలో ముందు బల్ల దొరికితే మళ్ళీ నలుగురిలో మనిషవుదామని ఆయన ఆశ. అందుకే తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ దానమ్మ టీ బడ్డీకి వచ్చాడు.

కథ చిన్నగానే మొదలుపెట్టాడు. వెనకటికి హార్పర్ అని ఓ నార్ఫోక్ దొర బంగళాలో దిగాడట. భోజనాల దగ్గర తగువొచ్చింది, పళ్ళెంలో ఉన్నది వలసొచ్చే పరజా, ఊరబాతా అని. మామని పిలిపించారు. మామ కళ్ళు మూసుకుని దాని తొడ మీద వేలితో ఓసారి నొక్కి, పరజే, అదీ ఆడది, దూరం నుంచి ఎగిరొచ్చి నిన్ననే దిగింది అన్నాడట.

"ఇది నమ్మొచ్చు," అన్నాడు జగ్గన్న, పక్కన కూచుని వల బాగు చేసుకుంటూ.

నమ్మొచ్చు అనడం మామకి నచ్చలేదు. ఆ తర్వాత ఏటైందో తెలుసా అంటూ బల్ల అంచుకి జరిగాడు. ఊరెళ్ళిన దొర ఆ వేలి మహిమ తలుచుకుని నిద్రపట్టక మామకి ఓడ టిక్కెట్టు పంపించాడట. నార్ఫోక్ అంటే ఏటనుకున్నారు, అచ్చం మన గంజామే, ఎటు చూసినా నీళ్ళూ రెల్లూ, కాకపోతే పొద్దున్నే చద్దన్నం దొరకదు. అక్కడ పిట్టల సంఘం అని ఒకటుంది. మెడలో దుర్భిణీలేసుకున్న పెద్దమనుషులు, తాతల నాటి నుంచి తేలని తగువులన్నీ తెచ్చి మామ ముందు పెట్టారు. మామ కళ్ళకి గంతలు కట్టమన్నాడు. ఇది ఉల్లంకి, కొవ్వంతా నడుం దగ్గరే ఉంటుంది. ఇది బొల్లికోడి, తోలు ఒలిస్తే గానీ నీసు పోదు. ఇది ముసలి బాతు, రొమ్ము గట్టిది, పొద్దున్న పొయ్యెక్కిస్తే దీపాల వేళకి ఉడుకుతుంది. సంఘం వాళ్ళు దుర్భిణీలన్నీ తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టేశారట.

ఇంకో పిట్ట రొమ్ము నొక్కి, ఇది పుట్టింది నార్ఫోక్‌లోనే గానీ పోయిన చలికాలం రంభలో రొయ్యి మేసింది, అదీ తవిటయ్య తండ్రి వల దగ్గర అన్నాడట. తవిటయ్యకి కళ్ళు చెమర్చాయి. తండ్రికి ఒక వల ఉన్నమాట నిజమే మరి.

ఈ కబురు పిట్టల్లో పాకింది. మర్నాడు తలుపు తీస్తే ఏముంది, కిరసనాయిలు లైనులా ఊరి పొడుగునా పిట్టలు, తమ పేరేదో సరిగ్గా తెలుసుకుపోదామని. ఓ కొంగ మధ్యలో దూరబోతే మిగతావి రెక్కలు పట్టుకు గెంటేశాయి. జిల్లా కలెక్టరు లేచి తన కుర్చీ మామకిచ్చాడు. తిరుగు టిక్కెట్టు ఎవడిక్కావాలి? నులకమంచానికి తాళ్ళు కట్టి బాతులే మోసుకొచ్చాయట. కాబూల్లో టీకి దిగారు. బరంపురం మీదుగా వస్తూంటే కింద స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపాడు.

"సతే?" అన్నాడు జగ్గన్న ఒడియాలో, నిజమేనా అన్నట్టు. వల అతని చేతిలోంచి జారి చాలాసేపయింది.

తవిటయ్య ఇంక ఆగలేకపోయాడు. "రేపు ముందు బల్ల మీద నువ్వే మామా," అనేశాడు. మామ చొక్కా సర్దుకున్నాడు. ఆయన మొహంలో వెలుగు చూస్తే, అప్పుడే పడవెక్కి కూచున్నట్టుంది.

అంతసేపూ గ్లాసులు కడుగుతున్న దానమ్మ చెయ్యి తుడుచుకుంది.

"అన్నా, తొడన్నావు, రొమ్మన్నావు, కొవ్వన్నావు. ఒక్క ఈక రంగైనా సెప్పనేదేటి?"

ఈకలు చూసి చెప్పడం చిన్నపిల్లల పని అని మామ కొట్టిపారేశాడు.

"సరే, నార్ఫోక్ మాట ఒగ్గీ. మన బొల్లికోడికి తెల్లమచ్చ ఎక్కడుంటాది?"

బడ్డీకి ఎదురుగానే, ఒడ్డు దగ్గర నీళ్ళ మీద, బొల్లికోళ్ళు గుంపుగా తేలుతున్నాయి. నల్లటి ఒళ్ళు, ప్రతిదాని నుదుటి మీదా సున్నం పూసినట్టు తెల్లగా. మామ వాటికి వీపు పెట్టి కూచున్నాడు. బడ్డీ కప్పు వైపు కాసేపు చూశాడు.

"తోక కింద," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మామకి సులువయ్యేది. తవిటయ్య ఒకసారి నీళ్ళ వైపూ, ఒకసారి మామ నూనె తల వైపూ చూశాడు. మొదట్లో వినిపించుకోని ఆ రెండో మాట, 'ఎగిరీవి తప్ప' అన్నది, ఇప్పుడు తాపీగా వచ్చి చెవిలో కూచుంది.

"నార్ఫోక్ ఎల్లనేదా మామా?"

"నార్ఫోక్ దాకా ఎందుకురా, వంటసాల దాటితే గదా." మామ ఖాళీ గ్లాసు ఎత్తి, తాగినట్టే తాగి, దించాడు. "బంగళా వంటసాల్లోకి ఈక రాకూడదని రూలు. బయటే పీకీసి, తలా తోకా కోసీసి, కడిగి కిటికీలోంచి అందించీవోరు. ఎన్ని రకాలు వండాను, ఎన్ని వేల పిట్టలు. తొడ ముట్టుకుంటే పేరు సెప్పీగలను, అది అబద్ధం కాదు."

వెనక నీళ్ళ మీద ఏదో రెక్కలు కొట్టింది. మామ ఇప్పుడు కూడా తిరిగి చూడలేదు.

"గానీ అల్లుడా, నాను ఒక్క పిట్టనీ సొక్కాతో సూడనేదురా."