జనవరి ఒకటిన పుట్టినవారి తరఫున

1989 ఆగస్టు 14, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, మా వృద్ధాప్య ఆరోగ్య అధ్యయన కేంద్రంలో కాగితాల మీది వివరాలను కంప్యూటర్లోకి ఎక్కించే గుమాస్తాగా శ్రీమతి లవీనియా పెటిగ్రూ గారు ప్రవేశించారు. 2024 జూన్ 28న ఆ కేంద్రానికే సమాచార విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మా చిన్న కార్యాలయంలో ఏమేమి జరిగాయో రాయమని సహోద్యోగులు నన్ను ఆదేశించినప్పుడు, నిజం చెప్పాలంటే, నా సంతోషానికి పట్టపగ్గాలు లేకపోయాయి. చెప్పవలసినది అంత ఉంది! అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది.

తొలి ఏడేళ్లు ఆమె పగలు ఉద్యోగం, సాయంత్రం కళాశాల, ఆదివారం చర్చిలో గానబృందం, ఈ మూడింటినీ ఏకకాలంలో నిర్వహిస్తూ గణాంకశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. 1996లో సహాయ విశ్లేషకురాలిగా, 2004లో విభాగాధిపతిగా పదోన్నతి పొందారు. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు నల్లజాతి వృద్ధులలో ఎందుకు ఎక్కువగా కనిపిస్తుంది, అయినా ఎందుకు ఆలస్యంగా బయటపడుతుంది అన్న ప్రశ్నకు ఆసుపత్రుల రికార్డుల నుంచి, మందుల చీటీల నుంచి సమాధానం వెలికితీయడం మా కేంద్రం పని. ఆ పనిలో ఆమెకున్న ఏకాగ్రత ఎంతటిదో, ఆమె బల్ల మీది పీకన్ గింజల డబ్బాకు ఉన్న గిరాకీ కూడా అంతటిదే. డబ్బాలో చెయ్యి పెట్టినవాళ్లెవరూ ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా తిరిగి వెళ్లింది లేదు.

2011 డిసెంబరు సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. రాష్ట్ర ఆరోగ్యశాఖ జ్ఞాపకశక్తి పరీక్షల వైద్యశాల ఒక్కటంటే ఒక్కటే మంజూరు చేసింది. అది నది పక్కనున్న మా టాల్బర్ట్ కౌంటీకి రావాలా, కొండవైపున్న లెన్వార్ కౌంటీకి పోవాలా అన్నది మేమిచ్చే నివేదికను బట్టి తేలుతుంది. ముసాయిదాలో మాకు వృద్ధుల్లో నూటికి ఎనిమిది మంది రోగులు, లెన్వార్‌కు తొమ్మిది మంది. వైద్యశాల అటు పోయినట్టే. ఆ నాటికి లవీనియా గారి తల్లి ఓడెల్లా గారు పొయ్యి మీద కుండ పెట్టి మరిచిపోతున్నారు. ఆమెను చూపించడానికి దగ్గరలోని వైద్యుడు మూడు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్నాడు.

ముసాయిదా చదివి లవీనియా గారు తిన్నగా, ఆ లెక్క కట్టిన నా గదికి వచ్చారు.

"క్లైడ్, ఈ అంకె అబద్ధమాడుతోంది నాయనా."

"లెక్క మూడుసార్లు సరిచూశానండి మిస్ లవీనియా."

"లెక్క తప్పని నేనన్నానా? మా చర్చిలో ప్రతి ఆదివారం ఇల్లు కదల్లేనివాళ్ల పేర్లు చదువుతారు. పదేళ్ల కిందట అర పేజీ. ఇప్పుడు పాస్టరు గారు మధ్యలో మంచినీళ్లు తాగాల్సొస్తోంది. వాళ్లంతా నీ లెక్కలో ఎక్కడున్నారు?"

చర్చి చీటీలోని పేర్లను మా రికార్డుల్లో వెతకడం ఆమెకు చిటికెలో పని. కానీ ఇరుగుపొరుగువారి రోగాలను వారికి తెలియకుండా చూడటం మా వృత్తిలో మహాపరాధం. ఆమె ఆ పని చేయలేదు. తల్లి చేత అంగీకారపత్రం మీద సంతకం పెట్టించి, డైరెక్టరు హాస్కెల్ గారికి చూపించి, మా పట్టికలో ఒక్క ఓడెల్లా గారి వివరాలున్న వరుసను మాత్రం వెతికారు.

అది లేదు.

తొలగించిన వరుసల చిట్టాలో దొరికింది. టాల్బర్ట్ నుంచి అలా పోయినవి ఆరు వందల పన్నెండు. అన్నిటి ఎదురుగా ఒకటే కారణం: "జనవరి 1, నకిలీ పుట్టినతేదీ." పుట్టినరోజు తెలియనప్పుడు గుమాస్తాలు జనవరి ఒకటి అని వేసి చేతులు దులుపుకుంటారు కనుక, ఆ తేదీ ఉన్న వరుసలన్నీ తీసిపారేయమని నియమం పెట్టిన మహామేధావిని నేనే. ఇన్నేళ్లకు అచ్చులో ఒప్పుకుంటున్నాను.

మర్నాడు నన్ను ఓడెల్లా గారింటికి భోజనానికి పిలిచారు. వేయించిన క్యాట్‌ఫిష్ వడ్డిస్తుండగా పెద్దావిడను నేనే అడిగాను.

"మీ అసలు పుట్టినరోజు ఎప్పుడండీ?"

"నాకేం తెలుసయ్యా? పత్తి ఏరడం అయ్యాక, పందిని కోసే ముందు పుట్టానని మా అమ్మ చెప్పింది. మంత్రసాని కాగితాలు రాస్తుందా? పింఛను ఆఫీసులో ఆ పిల్లకి అదే చెప్తే, పంది ఎప్పుడు కోశారో తెలీదమ్మా అని జనవరి ఒకటి వేసింది. ఏం, ఆ తేదీకి ఏమొచ్చింది?"

నాకప్పుడు అర్థమైంది. ఆసుపత్రి గడప తొక్కకుండా మంత్రసాని చేతిలో పుట్టినవాళ్లు, అంటే మేము ఎవరికోసం ఈ అధ్యయనం చేస్తున్నామో ఆ నల్లజాతి వృద్ధులే, నా ఒక్క నియమంతో లోకంలో లేకుండా పోయారు.

లవీనియా గారు నన్ను నలుగురిలో పెట్టి కడిగేయవచ్చు. ఆ పని చేయలేదు. డైరెక్టరు గారి ఎదుట ఆమె అన్నది ఇంతే:

"ఇందులో మా అమ్మ ఉంది. అంటే నా స్వార్థం ఉంది. కాబట్టి మళ్లీ లెక్క నేను కట్టను, క్లైడ్ కడతాడు. ఒక్క మాట చెప్తాను, వింటే వినండి. నెలనెలా మందులు కొనుక్కునే మనిషి నకిలీ మనిషి ఎలా అవుతాడు?"

ఆ మాటే మాకు దారి చూపింది. మందుల చీటీలతో పోల్చి చూస్తే ఆరు వందల పన్నెండులో ఐదు వందల డెబ్బై ఒక్కరు నిక్షేపంగా బతికున్న మనుషులు! వారిని చేర్చాక మా కౌంటీ అంకె నూటికి పదకొండు అయింది; అదే పద్ధతిలో చూసినా లెన్వార్ అంకె తొమ్మిది దగ్గరే ఉండిపోయింది. నివేదిక మారింది. 2013 వసంతంలో వైద్యశాల మా ఊళ్లోనే తెరుచుకుంది, ఓడెల్లా గారు నడిచి వెళ్లగలిగినంత దూరంలో!

మరుసటి జనవరి ఒకటిన లవీనియా గారు చర్చి హాలులో, ఆ తేదీ మోస్తున్న పెద్దలందరికీ పుట్టినరోజు విందు చేశారు. అలసందలు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. హాలు కిటకిటలాడింది. ఓడెల్లా గారు చుట్టూ చూసి, "ఇంతమందిమి ఒకే రోజు పుట్టామా! ఆ మంత్రసాని చేతులు పడిపోయుంటాయి పాపం," అనేసరికి హాలంతా గొల్లుమంది. ఆ తల్లి మరో ఆరేళ్లు, చివరిదాకా కూతురి పేరు మరవకుండా, తన ఇంట్లోనే బతికారు. విందు నేటికీ ఆగలేదు.

ఆ 2011 డిసెంబరు నుంచి మా కేంద్రంలో ఒక నియమం అమలులో ఉంది. ఏ వరుసనైనా తొలగించే ముందు రెండు గడులు నింపాలి: "ఎవరు?", "కారణం?" వీటిని పెట్టించినది లవీనియా గారే. పన్నెండేళ్లకు పైగా వాటిని తిట్టుకోని కొత్త ఉద్యోగి లేడు. వాటి విలువ ఏడాది తిరిగేసరికి తెలుసుకోనివాడూ లేడు.

గతవారం సిబ్బంది విభాగం నుంచి నాకు ఒక ఉత్తర్వు అందింది. పదవీ విరమణ చేస్తున్న ఉద్యోగిని పేరును పనిచేసేవారి పట్టికలోంచి తొలగించాలట. "ఎవరు?" అన్న గడిలో లవీనియా పెటిగ్రూ అని రాశాను. రెండో గడి దగ్గర కూర్చుండిపోయాను.

మిస్ లవీనియా, నిండైన ఆరోగ్యంతో, చెక్కుచెదరని జ్ఞాపకంతో, మీ అమ్మగారిని మించిన ఆయుష్షుతో వర్ధిల్లండి. వచ్చే జనవరి ఒకటిన మీరు కుర్చీలో కూర్చోండి, మేం వడ్డిస్తాం. ఆ రెండో గడిని మాత్రం నేను నింపను. నాకు కారణం కనబడలేదు.