సిలకా రా

— మామ్మా, ఈ ఏడు క్రిస్మస్‌కి పాటల పజిలు మా క్వయర్ పిల్లల్నే పెట్టమన్నారు. మీ రోజుల్లో ఎలాగ పెట్టీవోరో సెప్పవా?

పజిలా! అప్పుడు పజిలనీవోళ్ళం కాదులే, పొడుపుపాట అనీవోళ్ళం. ఆ ఫోను నా మూతికాడెట్టకే పిల్లా, మాట రాదు నాకు. ఆఁ, అక్కడెట్టు.

ఏటంటే, పండగనాడు సర్చిలో క్వయరోళ్ళు వరసగా రెండో మూడో నాలుగో పాటలు పాడీవోరు. ఒక్కో పాటకీ మొదటి అచ్చరం పట్టుకుని, అన్నీ కలిపితే ఓ మాటొచ్చీది. 'దూత' అనో, 'యేసు' అనో. ముందు లేచి సెప్పినోళ్ళకి మాడుగుల హల్వా. అప్పట్లో హల్వా ఎంత సవకనుకున్నావు... ఎంతో మరిసిపోయేన్లే. మీ తాతకి హల్వా అంటే పేణం.

ఆ పొడుపుపాట కట్టీది మా అప్ప. అదేనే, మా అక్క, ఇప్పుడు సీడికాడ ఊళ్ళో ఉంటాదే, ఆ మామ్మ. నాకన్నా ఆరేళ్ళు... కాదు, ఏడేళ్ళు పెద్ద. అమ్మ పోయేక నన్ను సంకనేసుకుని పెంచింది అదే. క్వయరంతా దాని సేతికిందే. నాకేమో సిన్నప్పట్నుంచీ నోరాగదు కదా, ముద్దుగా 'సిలకా' అని పిలిసీది. నాకు పెళ్ళయిన కొత్తలో ఓనాడు, ప్రాక్టీసులో నేనేవో కబుర్లు సెప్పుకుంటన్నానని అందరి ముందూ 'నోర్ముయ్యే సిలకా! పాటకి పనికిరావు గానీ వాగుడికి పనికొత్తావు' అనీసింది. అదే క్వయర్లో పాడీ మా ఆడపడుసుల్తో సహా అందరూ నవ్వేరు. తల కొట్టేసినట్టయిపోయింది నాకు.

అంతే, మాట్లాడ్డం మానీసేను. మేం కాపరవున్న దేవరాపల్లి నుంచి అనకాపల్లి సర్చికి ఎంత దూరవే? అయినా రెండు క్రిస్మస్‌లు ఆ సర్చి గుమ్మం తొక్కలేదు. నాకంత పొగరు. దానికీ తక్కువేం కాదు, కబురెట్టలేదు. కానీ ఏడుపొచ్చీదే తల్లీ, పండగ పాట ఎక్కడినబడినా.

మూడో క్రిస్మస్‌కి మీ తాత హల్వా మీదాశతో నన్ను లాక్కొచ్చేడు. వెనకాల గోడవార కూకున్నాను. క్వయరు ఎత్తుకుంది. మొదటి పాట 'సియోను' అని మొదలు. రెండోది 'లక్షల' దూతలొచ్చేరని. మూడోది 'కాపరుల' పాట. ఆఖర్న 'రాజు' పుట్టేడని.

సి, ల, కా, రా.

పాస్టరయ్యగారికే తెలీదు జవాబు, అప్ప ఎవరికీ సెప్పీది కాదు. ఆయన కొత్తగా గుంటూరు వైపు నుంచొచ్చేరు. 'సిలకారా... ఇదేం పదమమ్మా' అని బుర్ర గోక్కుంటన్నారు. ఒకడు లేచి 'జీలకర్ర' అన్నాడు. ఇంకోడు 'అలంకారం' అన్నాడు. అందరూ నవ్వులే నవ్వులు. బైబిల్లో మాట కోసం ఎతుకుతన్నారు మరి. పుస్తకాలోళ్ళకి చిలక గానీ, మా అప్ప నోట్లో సిలకే కదా!

లేత్తే ఆడపడుసులు మళ్ళీ నవ్వుతారు. లేవకపోతే అప్ప ఇంకెప్పుడూ పిలవదు, దాని సంగతి నాకు తెలుసు. అది నా వైపే సూడ్డం లేదు, పుస్తకంలోకే సూత్తంది.

'ఎవరూ లేరా? అయితే హల్వా నాకే' అన్నారయ్యగారు.

లేచేను. జవాబు సెప్దామనే లేచేనే. నోట్లోంచి 'వచ్చేనప్పా' అని వచ్చింది.

'తప్పమ్మా, కూసోండి' అన్నారాయన.

మా అప్ప పాటల పుస్తకం మొహానికడ్డం పెట్టుకుని ఎక్కెక్కి ఏడుత్తా, 'కాదండయ్యగారూ. అదే జవాబు' అంది.

హల్వా? అదింకెక్కడిది! మేవిద్దరం పట్టుకుని ఏడుత్తంటే మీ తాత పొట్లం కాళీ సేసేడు.

ఇప్పుడు అప్పకి సెవులు బాగా తగ్గిపోయేయి. ఫోన్లో నా మాట సగం ఇనబడదు. అయినా నేను ఆపితే సాలు, 'ఆగిపోయేవేటే సిలకా, వాగు, వాగు' అంటాది.

నీ గొంతు సల్లగుండ తల్లీ, మంచి పజిలు కట్టు. నీ రికార్డింగయిపోతే ఓసారి సీడికాడకి ఫోను కలుపు. పొద్దున్నుంచీ దాంతో వాగనే లేదు.