పత్తాలాడే ప్రమీల

ప్రమాణమా? నేనా? దీపం మీద చెయ్యి వెట్టి, కులపోళ్లందరి ముంగట? అబ్బ, ఎంత మంచి ముచ్చట తెచ్చినవే నర్సవ్వ వదినె! భేస్తాన్ నుంచి ఇంత ఎండల ఆటో ఎక్కి వచ్చినవ్, గిది చెప్పెతందుకా?

కూసో, కూసో. కోపం కాదు. కోపమొచ్చినా నా మొఖంల కనవడదని నీకు తెల్వదా?

ఇగో, కనకయ్య ఏమన్నడో మళ్లొకసారి చెప్పు. "పిల్ల బంగారం, తల్లే పత్తాలాడే ప్రమీల" అన్నడా? ఆయన కొడుకు చిరంజీవి మా కోమలిని ఇష్టపడ్డడు. కోమలి గూడ ఆ పిలగాన్ని ఇష్టపడ్డది. మరి నడుమ నా పేకాట పత్తాలెందుకొచ్చినయ్? ఆ, ఫొటో! గోవాల పోకర్ ఆటల గెలిచినోళ్ల ఫొటో తీసి ఫోన్ల వెడుతరు. అది తిరిగి తిరిగి మన కులపోళ్ల వాట్సాప్‌ల వడ్డది. కొంగు నిండ కప్పుకొనే నిలవడ్డ, అయినా గుర్తువట్టిండ్రు మారాజులు.

ఐతారం గుడిల నేను ఆట ఇడిసిపెడుతనని ఒట్టు వెడితేనే లగ్గం. లేకుంటే లేదు. గంతే గదా?

మరి మీ తమ్ముడో? బట్ట నేసే సాంచలు బంద్ ఉన్న దినం బమ్రోలిల డాబా మీద కూసోని పొద్దుందాక రమ్మీ ఆడుతడు. ఆయనను పిలిచిండ్రా దీపం ముంగటికి? పిలువరు. ఆయన ఓడుతడు గదా! ఓడేటోని పరువు పోదు. నేను గెలుస్త, గదే నా తప్పు.

నేనేమన్న కోరి నేర్చుకున్ననా వదినె? గీ వలసొచ్చిన ఊర్ల, పర్వత్ పాటియా కాడ, ఒక శేఠాని ఇంట్ల వంటకు పోతుంటి. శ్రావణంల వాళ్లకు సాతం పండుగొస్తది. ఆ దినం పొయ్యి అంటియ్యరు, నిన్న వండిందే తింటరు. ఇంటిల్లిపాది కూసోని పత్తాలాడుతరు, వాళ్లకది శుభం. పొయ్యి లేకపాయె, నాకు పని లేకపాయె. ఆటల ఒక మనిషి తక్కువ వడ్డది. "బైఠ్ జా ప్రమీలా" అన్నది పెద్ద కోడలు. కూసున్న. ఆ దినం ఒక్క పొయ్యి అంటుకొనుంటే నా బతుకు గిట్లెందుకైతుండె?

పోకర్ గూడ ఆమెనే నేర్పింది. చేతిల రెండు పత్తాలు, నడుమ అందరికి కలిపి ఐదు. ఐదో తరగతి చదువు దానికి సాలదా? పత్తాలు అల్కగనే వస్తయ్. మొఖం దాసుకునుడే కష్టమంటరు. అది నాకు ఎవ్వలు నేర్పలే.

ఊహు, నేర్పిండ్రు. మా అత్త, మీ అవ్వ నేర్పింది. ఆకలైనా, చెయ్యి కాలినా, మొఖం మాడ్చద్దు. మీ తమ్ముని చెప్పుల సప్పుడు ఇని ఇయ్యాల ఎట్లొస్తున్నడో తెలుసుకునుడు గా ఇంట్లనే నేర్చుకున్న. దానికి గోవాల క్లాసులు చెప్పేటోళ్లున్నరట, ఏమంటవ్!

గోవాకు మొదలు పోయిననాడు ఒక ఢిల్లీ పిలగాడు, "ఆంటీజీ, యే ఖేల్నేవాలోం కీ కుర్సీ హై" అన్నడు, ఇది ఆడేటోళ్ల కుర్సీ అని. ఎవలి తల్లో కాళ్లు గుంజుతె కూసున్నదనుకున్నడు. సంచి ఒళ్లె వెట్టుకొని అట్లనే కూసున్న. అన్నాల యాళ్లకు ఉన్నదంత ఓడి వాడే కుర్సీల నుంచి లేచి పోయిండు.

నవ్వకు. సరే, జర నవ్వు.

ఫోన్ల పైసలాట సర్కారు బంద్ వెట్టినంక గోవా రైలెక్కుడే పాయె. పోయినప్పుడల్ల గెలుస్తనా? ఓడుత గూడ. ఓడి వచ్చిననాడు సుత గిదే మొఖంతోని రొట్టెలు చేస్త. కోమలి కాలేజీ, గీ రూము, నువ్వు కూసున్న కుర్చీ, అన్ని అందులకెల్లే. "మా అమ్మ క్యాటరింగ్‌కు పోతది" అని దోస్తులకు చెప్పుకున్నది బిడ్డ. చెప్పుకోనీ అన్న.

ఏంది? కోమలికి ఏం తెల్వదా? నేను అడగకముందే మూడుమాట్లు అంటివి వదినె. నీ చేతులు చూసుకో, కొంగునెట్ల మెలివెడుతున్నయో.

పొద్దుగాల బిడ్డ నాకు చాయ్ తెచ్చిచ్చింది. పుట్టినకాన్నుంచి తేలే. "అలిసినవా అమ్మా" అని పక్కకు కూసున్నది. అన్నంల ఒకలి బియ్యం ఎక్కువ పోసింది. నువ్వొస్తవని నాకే తెల్వకపాయె, దానికెట్ల తెలిసె?

గీ ఒట్టు కనకయ్య అడగలే. "మా అమ్మతోని వెట్టిస్త" అని ముందుగాల మాటిచ్చింది నా బిడ్డనే. కాదా? నా కండ్లల్లకు చూసి కాదను.

ఉండనియ్ తియ్యి. నువ్వెందుకు ఏడుస్తున్నవ్, నేను ఏడుస్తున్ననా?

ఒట్టు వెడుత. ఉత్తుత్త ఒట్టు కాదు, మళ్ల ఆ రైలెక్క. గెలిచే పత్తాలు చేతిలున్నా పారేసుడుంటది చూడు, గదే అసలు చదువు. అది రానిది ఎన్నేండ్లు ఆడినా ఉత్తదే. నాకు ఇయ్యాల వచ్చినట్టుంది.

ఇంకోటున్నది. పారేసినోళ్లు పత్తాలు తిప్పి చూపియ్యరు. బోర్ల వెట్టి నూకేస్తరు. చేతిల ఏముండెనో ఎవ్వలకు తెల్వద్దు.

అందుకనే, నీకు దండం వెడుత వదినె. నాకు తెలిసిందని దానికి చెప్పకు. అమ్మ నవ్వుకుంటనే ఒప్పుకున్నది అని చెప్పు. నమ్ముతది. నా మొఖం చదువుడు దానికి ఎన్నడు రాలే.