కీచురాయి బండి

(రోడ్డు పక్క రేకుల షెడ్డు. బానెట్టు ఎత్తి ఉన్న పాత కారు. దాని ముందు మెకానిక్కు, రిటైరైన బస్సు కండక్టరు.)

"మూడూ పీకెయ్ అంటున్నాగా. మూడూ."

"బాబాయ్, ముందు కూర్చో. కండక్టరు ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ఇంకా నిలబడే మాట్లాడతావేంటి?"

"కూర్చోడానికి రాలేదురా. ఈ మూడు బెల్టులూ తీసిపారేసి, నువ్వెప్పుడూ చెప్తావు చూడు, ఆ ఒక్క బెల్టు... పాము బెల్టు... అది వెయ్."

"ఎవరు మాట్లాడేది? మా కండక్టరు బాబాయేనా?"

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు మరి! కాళ్ళావేళ్ళా పడి చెప్పానే. డైనమోకీ నీళ్ళ పంపుకీ కలిపి ఒకటి, స్టీరింగుకొకటి, ఏసీకొకటి, ఎందుకీ గోల, అన్నిటికీ కలిపి ఒకే పొడుగు బెల్టు వేద్దాం, చప్పుడుండదు అని. అప్పుడు నువ్వేమన్నావ్? చప్పుడు లేని బండి ఎందుకురా అన్నావ్."

"అన్నాలే. ఇప్పుడు చప్పుడు వద్దు."

"ఇవాళే ఏం ముంచుకొచ్చింది?"

"రేపు పొద్దున ఒకరిని రైలుకి దింపాలి. దారిలో బండి కిక్కురుమనకూడదు."

"ఎవరిని?"

"ఒకరిని. అవుతుందా, అవదా? అది చెప్పు."

"ఒక్క ప్రయాణానికే అయితే ఉన్నవి బిగించేస్తా పో."

"మొన్న బిగించావుగా. సందు మలుపులో స్టీరింగు తిప్పానో లేదో, కీచుమంది. అంతకు ముందూ అంతే."

"అది నా చేతిలో లేదు బాబాయ్. బెల్టు జారీ జారీ పుల్లీలు నున్నగా అద్దాల్లా తయారయ్యాయి. బిగించే బోల్టుకి మరలు కూడా పోయాయి. పట్టు నిలవదింక."

"అందుకేగా మార్చమనేది."

"మార్చడమంటే చొక్కా మార్చినట్టనుకున్నావా? ఈ పుల్లీలన్నీ మారాలి, డైనమో కూర్చునే దిమ్మ మారాలి..."

"లేవా నీ దగ్గర?"

"ఉన్నాయి."

"ఉన్నాయా?"

"నీ బండి లాంటిదే, తర్వాత వచ్చినది, తుక్కులో దొరికింది. దాన్లోంచి సెట్టంతా విప్పి తెచ్చి ఆ మూల దాచా. నీ మనసు ఎప్పటికైనా మారకపోతుందా అని."

"మరి చెప్పవేం?"

"చెప్తే ఏం చేసేవాడివి? వద్దనేవాడివి. ఇదుగో, చూడు. పట్టీలా పల్చగా ఉందా? లోపలి వైపు పొడుగునా గాడులు. వీపు నున్నగా."

"ఇంత పల్చనిదా అన్నిటినీ తిప్పేది?"

"తిప్పుతుంది. ఈ స్ప్రింగు చెయ్యి చూశావా, టెన్షనరు. బిగువంతా ఇదే చూసుకుంటుంది. ఇక నువ్వొచ్చి బిగించమని అడగక్కర్లేదు."

"వదులు చెయ్యాలంటే?"

"వదులెందుకు చేస్తారు బాబాయ్?"

"...ఊరికే అడిగా. కానీ, మొదలెట్టు."

"ఒకటి ముందే చెప్తున్నా. ఆ మూడిట్లో ఒకటి తెగినా మిగతావి నిన్ను ఇంటికి చేరుస్తాయి. ఇది తెగిందంటే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి."

"ఎప్పుడు తెగుతుంది?"

"ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా నా మొహం చూడాల్సిన పనే లేదు నీకు."

"అదొకటుందా."

"ఊఁ. అదొకటుంది. ఆ స్పానరిలా ఇవ్వు. మొత్తానికి మేడమీదావిడే గెలిచిందన్నమాట."

"ఎవరు?"

"ఎవరంటావేం? పొద్దున్నే నువ్వు బండి తియ్యగానే కిటికీ తీసి తిడుతుందన్నావే. ఏదో పేరు కూడా పెట్టిందన్నావ్."

"కీచురాయి."

"ఆఁ, అదే."

"'ఏయ్ కీచురాయీ, వీధి వీధంతా లేపుతావా?' అంటుంది. ఒకరోజైతే 'ఆ బండినీ నిన్నూ కలిపి తుక్కు కింద తూచెయ్యాలి' అంది. తూచెయ్యాలట! చలికాలంలో అయితే ఇంకా బాగా తిడుతుంది. బండి ఎక్కువ కీచుమంటుందిగా."

"తిట్లు తిని నవ్వుతావేంటి బాబాయ్?"

"ఏం చెయ్యమంటావు మరి? రోజు మొత్తం మీద నాతో మాట్లాడేది ఆ కిటికీ ఒక్కటే."

"నేను లేనూ?"

"నువ్వు వారానికోసారి. ముప్పయ్యేళ్ళు కిక్కిరిసిన బస్సులో గొంతు చించుకున్నవాణ్ణిరా. ఇప్పుడేమో మొన్న పాలవాడు పిలిస్తే ఆఁ అనబోయా, మాట రాలేదు, దగ్గొచ్చింది. రెండ్రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది."

"ఈ మధ్య ఆవిడేమంటోంది మరి?"

"ఏమీ అనట్లేదు. పని చూడు. మాటల్లో పడితే బోల్టులు మర్చిపోతావ్."

(మధ్యాహ్నం దాటింది. కండక్టరు స్టీరింగు ముందు కూర్చున్నాడు.)

"ఇక స్టార్ట్ చెయ్ బాబాయ్."

"చేశా."

"చేశావా?"

"చేశానురా, నీకూ వినపడట్లేదా?"

"అబ్బ! చూశావా? చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. ఏంటి, మొహం అలా పెట్టావ్? బాలేదా?"

"బాగానే ఉంది. బండి ఆగిపోయిందేమో అనిపిస్తోంది, అంతే."

"అలవాటవుతుందిలే."

"ఇంట్లో కూడా ఇలాగే ఉంటుంది. ఇంత నిశ్శబ్దంగానూ. ఒరేయ్, ఈ వేడి ముల్లేంటి, పైకి పోతోంది?"

"ఎంత దాకా?"

"సగం దాటింది. ఇంకా పోతోంది. ఎర్ర గీత..."

"ఆపు! ఆపెయ్ బాబాయ్!"

"ఆపా, ఆపా. ఏమైంది?"

"నా బుర్ర మండిపోనూ! నీళ్ళ పంపు."

"పంపుకేమైంది? మొన్ననేగా కొత్తది వేశావ్?"

"కొత్తదే. అందుకే దాని జోలికి పోలేదు, అక్కడే తప్పు చేశా. పాత బెల్టు దాన్ని లోపలి వైపుతో తిప్పేది. ఈ పాము బెల్టు మెలిక తిరిగొచ్చి వీపుతో తిప్పుతుంది. అంటే పంపు ఉల్టా తిరుగుతోంది. నీళ్ళని ఇంజనులోకి తొయ్యట్లేదు."

"ఇప్పుడెలా?"

"ఉల్టా తిరిగే పంపు వేరే ఉంటుంది. ఆ తుక్కు బండికి ఉన్నది అదే. సెట్టంతా విప్పి తెచ్చా, పంపొక్కటీ వదిలేసొచ్చా. అన్నీ తెలుసనుకుంటే ఇలాగే ఉంటుంది."

"ఉందా అది ఇంకా?"

"ఏమో. ఎవడైనా కొనుక్కుపోయాడేమో. పోనీ, పాత బెల్టులే మళ్ళీ వేసిస్తా ఇవాళ్టికి. రైలుకి దింపడమేగా, నాలుగు చోట్ల కీచుమంటే ఏమైంది?"

"వద్దు."

"వచ్చే వారం నిదానంగా..."

"వద్దన్నానా! రేపు పొద్దున్నే కావాలి. వచ్చే వారం ఎవరికి కావాలి? రేపు నా బండి నోరెత్తకూడదు!"

"అరవకు బాబాయ్."

"అరవలేదు. నా గొంతే అంత."

"సరే, సరే. ఆ తుక్కువాడు షాపు కట్టేసేలోపు వెళ్ళొస్తా. ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చరాదూ?"

"ఇంటికెళ్ళి ఏం చెయ్యను? ఇక్కడే ఉంటా. నువ్వెళ్ళు. తొందరగా."

(సాయంత్రం. షెడ్డులో లైటు వేశారు.)

"దొరికిందా?"

"షట్టరు సగం దించేశాడు. కాలు అడ్డం పెట్టి మరీ తెచ్చా. ఇదుగో."

"బతికించావురా."

"ఈ లైటు పట్టుకో. ఇంకొంచెం కిందికి. ఆఁ. బాబాయ్, ఒకటడుగుతా, నిజం చెప్తావా?"

"అడుగు."

"ఇదుగో, ఈ పాత బోల్టు తల చూడు. చుట్టూ గీతలు. నా స్పానరు ఇలా గీకదు. ఇది కటింగ్ ప్లేయరు పని."

"పాత బోల్టేగా, గీతలుండవూ?"

"లైటు కదపకు, కనపడట్లేదు."

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఎప్పుడో తెలుసు. నేను బిగించి పంపిస్తాను, నువ్వింటికెళ్ళి వదులు చేస్తావు. వారం తిరక్కుండా 'మళ్ళీ కీచుమంటోందిరా' అంటూ వచ్చేస్తావు."

"మరి ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి రావడం మానేస్తావేమోనని. నాకు మాత్రం ఎవరున్నారు? ఈ బండ్లేమన్నా కబుర్లు చెప్తాయా? నేనలా అనుకుంటూ వచ్చా, నాకోసమే వస్తున్నావని."

"నీకోసమూ కొంత."

"మిగతాది?"

"బండి కీచుమంటేనే ఆ కిటికీ తెరుచుకునేదిరా. నువ్వు గట్టిగా బిగించి పంపిన రోజు చడీచప్పుడూ లేకుండా బండి తీసేవాణ్ణి. కిటికీ మూసే ఉండేది. నేను వెళ్ళినా, వచ్చినా, ఆవిడకి తెలిసేది కూడా కాదు. భరించలేకపోయేవాణ్ణి. అందుకని."

"అలాంటివాడివి ఇప్పుడు నీ చేత్తో నువ్వే దాని నోరు మూయిస్తున్నావేంటి? తిట్లు కూడా ఉండవుగా ఇక?"

"ఎలాగూ ఉండవు. ఆవిడ వెళ్ళిపోతోంది."

"ఎక్కడికి?"

"చెల్లెలి దగ్గరికి. ఇక అక్కడే ఉంటుందట."

"అయితే రేపు రైలుకి దింపేది..."

"ఆవిడనే."

"తనే అడిగిందా?"

"మొన్న గుమ్మం ముందు బండి తుడుస్తున్నా. స్టార్టే చెయ్యలేదు. కిటికీ తెరుచుకుంది. కీచుమనకుండా అది తెరుచుకోవడం అదే మొదలు. ఏం తప్పు చేశానా అని పైకి చూశా. 'ఆదివారం నా ప్రయాణం. సామాను ఎక్కువుంది. బండి ఖాళీయేనా?' అంది."

"నువ్వేమన్నావ్?"

"ఖాళీయే అన్నా. ఇంకో మాట అడగబోయా. కిటికీ వేసేసింది."

"పోనీలే బాబాయ్, మనసు కష్టపెట్టుకోకు. ఈసారి మేడ మీదికి పిల్లాజెల్లా ఉన్నవాళ్ళని చూసి అద్దెకివ్వు. ఇల్లంతా సందడిగా ఉంటుంది."

"అద్దేంటి?"

"అదే, ఆవిడ ఖాళీ చేసి వెళ్ళాక."

"ఆవిడ అద్దెకుంటోందని నీకెవరు చెప్పారు?"

"మరి?"

"మా ఆవిడరా."

"ఏంటి బాబాయ్?"

"నా పెళ్ళాం. ఏదో మాట పట్టింపు. ముందు నువ్వు పలకరించాలంటే నువ్వని పంతాలు. తను మేడెక్కింది, నేను కింద ఉండిపోయా. నాలుగు రోజులేగా అనుకున్నా. ఏళ్ళు గడిచిపోయాయి. ఇల్లొకటే, పొయ్యిలు రెండు."

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క..."

"ఎలా చెప్పను? పెళ్ళాం చేత మాట్లాడించుకోడానికి బెల్టు వదులు చేసుకుంటున్నానని చెప్పనా? బిగించావా?"

"...బిగించా. స్టార్ట్ చెయ్."

"చేశా."

"ముల్లు?"

"సగం దగ్గర ఆగింది. కదలట్లేదు."

"స్టీరింగు తిప్పు. ఈ చివర్నుంచి ఆ చివరికి."

"తిప్పా."

"ఏమన్నా వినపడిందా?"

"ఏమీ లేదు. నీ ఊపిరి వినపడుతోంది."

"నాకు బాధగా ఉంది బాబాయ్. ఇంత సాఫీగా చేసిచ్చాక రేపు ఆవిడకి తిట్టడానికైనా ఏముంటుంది? దారి పొడుగునా నోరు విప్పదు. ఆఖరి రోజుకి ఒక్క తిట్టన్నా మిగుల్చుకోకపోయావా?"

"తిట్టాలనుకుంటే ఎంత కీచులోనైనా వినపడేట్టు తిడుతుందిరా, దానికేం. కానీ స్టేషను దాకా బోలెడు మలుపులున్నాయి. ఏ మలుపు దగ్గరో 'ఇంటికి పోదాం పద' అనాలనిపించిందే అనుకో, అది మెల్లిగానే అంటుంది. రెండోసారి అనదు."